ఓపెనింగ్‌కి ఒకసారి, బొమ్మలకి ఇంకోసారి: గ్యాలరీల చుట్టూ ఐదు రోజులు

హైదరాబాద్‌లో బొమ్మల షోలు చూడాలనుకునే ఆర్టిస్టు చలికాలంలో రావాలి. మాదాపూర్‌లో 2015లో మొదలైన ఇండియన్ ఫొటో ఫెస్టివల్ ఈమధ్య ఈ కాలంలోనే జరుగుతోంది. జనవరిలో కృష్ణాకృతి కళల ఉత్సవం ఉంటుంది. ఈ రెండింటి నడుమ చిన్నా పెద్దా ప్రదర్శనలు వారానికి నాలుగైనా తగులుతాయి. వానాకాలంలో కాగితం మీద పనిచేసేవాళ్లు షో పెట్టడానికే జంకుతారు. గాలిలో తేమకి ఫ్రేములో కాగితం అలలు అలలుగా లేస్తుంది. ఒక్కోసారి షో అయిపోయేలోపే గోధుమరంగు మచ్చలు పడతాయి.

ప్రయాణం గురువారం మొదలుపెట్టి సోమవారం ముగించండి. ఓపెనింగులు ఎక్కువగా శుక్ర, శనివారాల సాయంత్రాలు పెడతారు కాబట్టి బొమ్మలు గోడకెక్కేది ముందురోజు. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. కొన్ని ప్రైవేటు గ్యాలరీలు ఆదివారం తలుపు తీయవు, ఫోన్ చేసి కనుక్కున్నాకే వెళ్లాలి.

సంచిలో పెట్టుకోవాల్సినవి: 3 మీటర్ల టేపు, పెన్సిలు, చిన్న పుస్తకం, పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం. కాగితపు పనులున్న చోట పెన్ను బయటికి తీస్తే సిబ్బంది వద్దంటారు, వాళ్లనడంలో న్యాయముంది. ఫోన్‌లో మీ పనులు పది పన్నెండుకి మించి ఉంచుకోకండి. వాటిని ఎప్పుడు చూపించాలో రెండో రోజు దగ్గర చెప్పుకుందాం.

మొదటి రోజు, గురువారం: మాదాపూర్

అమీర్‌పేటలో రాయదుర్గం వైపు వెళ్లే మెట్రో ఎక్కి మాదాపూర్‌లో దిగితే, కావూరి హిల్స్‌లోని స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌కి ఆటోలో వెళ్లిపోవచ్చు. పాతవాళ్లు ఇప్పటికీ దాన్ని చిత్రమయి అనే అంటారు. ఒకే ఆవరణలో చాలా హాళ్లున్నాయి. ఒక దాంట్లో షో నడుస్తుంటే పక్క దాంట్లో విప్పుతుంటారు, ఇంకో దాంట్లో కడుతుంటారు. ముందు కడుతున్న హాలు దగ్గరికి వెళ్లి అడగండి. "అన్నా, కాసేపు నిలబడి చూడొచ్చా?" అంటే కాదనేవాళ్లు తక్కువ. ఫ్రేముకి ఒక చివర పట్టుకుంటామంటే ఇంకా సంతోషిస్తారు.

మేకు ఎక్కడ కొట్టాలన్న లెక్క చాలామంది ఆర్టిస్టులకి చేతకాదు. సూత్రం మాత్రం చిన్నదే. బొమ్మ నడిమి భాగం నేల నుంచి 57, 60 అంగుళాల మధ్య ఉండాలి. 58 అనుకుందాం. ఫ్రేము ఎత్తు 24 అంగుళాలు. వెనకున్న తీగని వేలితో గట్టిగా పైకి లాగితే, ఫ్రేము పై అంచుకి 3 అంగుళాల కింద ఆగింది. 58కి ఎత్తులో సగం 12 కలిపి, అందులోంచి 3 తీసేస్తే 67. మేకు 67 అంగుళాల దగ్గర పడాలి. తీగని లాగకుండా వదులుగా ఉన్నప్పుడే కొలిస్తే బొమ్మ అంగుళం కిందకి దిగుతుంది. ఒక్క బొమ్మైతే ఎవరికీ తెలియదు. వరసలో ఆరుంటే, ఒక్కో తీగ ఒక్కో రకంగా వదులై, గోడంతా మెట్లు మెట్లుగా కనబడుతుంది. వేర్వేరు సైజుల ఫ్రేములు పక్కపక్కన పెట్టేటప్పుడు పై అంచులు కలపొద్దు, నడిమి గీతలు కలపాలి.

గోడ పైన రైలు ఉండి, దాని నుంచి నైలాన్ తాళ్లతో వేలాడదీసే హాళ్లలో తంటా వేరు. ఒక్క తాడు మీద వేలాడే బొమ్మ ఫ్యాను గాలికి తిరుగుతుంది, రెండు తాళ్లు కావాలి. ఫ్రేము వెనక రింగులు కిందకి ఉన్నకొద్దీ పై అంచు గోడని వదిలి ముందుకి వాలుతుంది. అద్దమున్న ఫ్రేమైతే పైకప్పు లైట్లన్నీ అందులో కనబడతాయి. రింగులు ఎత్తులో పై నుంచి నాలుగో వంతు దగ్గర ఉంటే వాలు తగ్గుతుంది. కింది మూలల్లో చిన్న ఫెల్టు ముక్కలు అంటిస్తే ఫ్రేము జారదు, గోడకి మరకా పడదు. నైలాన్‌కి ఇంకో గుణముంది: బరువుకి రాత్రికి రాత్రి సాగుతుంది. గురువారం సాయంత్రం లెవెల్ పెట్టి చూసిన బొమ్మ శుక్రవారం పొద్దునకి ఓ పక్కకి ఒరిగి ఉంటుంది. అందుకే అనుభవమున్నవాళ్లు ముందురోజు కట్టి, ఓపెనింగ్ రోజు పొద్దున మళ్లీ ఒక చుట్టు సరిచేస్తారు. ఆ రోజు మధ్యాహ్నమే మొదలుపెట్టేవాళ్లకి ఈ రెండో చుట్టుకి టైముండదు. ముఖ్య అతిథి పక్కన నిలబడి దిగిన ఫొటోలో వెనక బొమ్మ వంకరగా పడిందంటే కారణం ఎక్కువగా ఇదే.

పక్క హాల్లో విప్పుతున్నవాళ్లని కూడా గమనించండి. బబుల్ ర్యాప్‌లో గాలి బుడగల వైపు బొమ్మకి తగిలేలా చుడితే, ఇంకా పూర్తిగా ఆరని ఆక్రిలిక్ మీద గుండ్రటి అచ్చులు పడతాయి. ముందు బటర్ పేపరు చుట్టి, దాని మీద బబుల్ ర్యాప్‌ని బుడగలు బయటికి వచ్చేలా చుట్టాలి.

రెండో రోజు, శుక్రవారం: దోమలగూడ, బంజారాహిల్స్

పొద్దునకి దోమలగూడలోని జగదీశ్, కమలా మిట్టల్ మ్యూజియం. ముందే అడిగి సమయం తీసుకుని వెళ్లాలి. దక్కనీ చిన్న చిత్రాలు, అద్దకం బట్టలు, బిద్రీ పని (నల్లటి లోహంలో వెండి పొదిగేది) ఉన్న ఈ సేకరణంతా భార్యాభర్తలిద్దరు కలిసి పోగుచేసింది. ఇద్దరూ కళాకారులే. అరచేతంత బొమ్మని పది నిమిషాలు చూసి వస్తే, సాయంత్రం ఆరడుగుల కాన్వాసు ముందు కంటికి ఓపిక మిగులుతుంది. అక్కడ అంతకన్నా పని పెట్టుకోవద్దు.

సాయంత్రం బంజారాహిల్స్. రోడ్ నంబర్ 10లో కళాకృతి ఉంది, 2002 నుంచి నడుస్తోంది. చుట్టుపక్కల రోడ్లలో ఇంకొన్ని గ్యాలరీలున్నాయి. ఒకే సాయంత్రం రెండు ఓపెనింగులు పడితే దూరంగా ఉన్నదానికి ముందు వెళ్లాలి. ఏడు దాటాక ఆ మలుపుల్లో ట్రాఫిక్ ఎటూ కదలదు.

కార్డు మీద 6 అని ఉంటే ఆరింటికే వెళ్లండి. దీపం వెలిగేది ఎంత తొందరైనా ఆరూముప్పావుకి, మామూలుగా ఏడింటికి. ముఖ్య అతిథి వచ్చేదాకా ఉన్న ఆ ముక్కాలు గంటే ఓపెనింగ్ రోజు బొమ్మలు చూసే సమయం. ఆ తరవాత దీపం, బొకేలు, శాలువాలు, కేటలాగు ఆవిష్కరణ, నలుగురి మాటలు, టీ, సమోసా. జనం బొమ్మలకి వీపు పెట్టి నిలబడతారు. అది వాళ్ల తప్పు కాదు, ఓపెనింగ్ అంటే మనుషుల పండగ. ఆ రోజు మనుషుల కోసమే వెళ్లాలి. బొమ్మల కోసం మర్నాడు మళ్లీ రావాలి. ఒక్కసారి వెళ్లి షో చూసేశాం అనుకునేవాళ్లు చూసింది సగమే.

ఆర్టిస్టుతో మాట్లాడేటప్పుడు ప్రశ్న ఎలా ఉందో చూసుకోండి. "సార్, దీని అర్థమేంటి?" అంటే, ఆ సాయంత్రం అప్పటికి ఇరవై మందికి చెప్పిన జవాబే మీకూ వస్తుంది. "సార్, ఈ తెల్లదనం కాగితందేనా, మీద తెల్ల రంగు వేశారా?" అనండి, పక్కకి తీసుకెళ్లి చూపిస్తారు. కాగితం ఎన్ని జీఎస్‌ఎమ్ (చదరపు మీటరుకి ఎన్ని గ్రాములు), మౌంటు (ఫ్రేములో బొమ్మ చుట్టూ పెట్టే అట్ట) ఎవరు కట్టారు, ఈ నీలం ఎన్నేళ్లలో వెలుస్తుంది లాంటివి ఆర్టిస్టులు ఇష్టంగా మాట్లాడే విషయాలు. ఓపెనింగ్‌లో జవాబులు పొడిపొడిగా వస్తే నొచ్చుకోవద్దు. ఆ మనిషి కళ్లు కొనేవాళ్ల వైపుంటాయి, ఉండాలి కూడా.

ఇంకొకరి ఓపెనింగ్‌లో మీ ఫోన్ తీసి మీ బొమ్మలు చూపించకండి. పెళ్లికి వెళ్లి సొంత కూతురి జాతకం పంచినట్టుంటుంది. గ్యాలరీవాళ్లు తమంతట తాము అడిగితే, "మేడమ్, వచ్చే వారం మెయిల్ పెడతాను" అని విజిటింగ్ కార్డు ఇచ్చి ఊరుకోవాలి. మెయిల్‌లో పది బొమ్మలు చాలు. ప్రతిదానికీ పేరు, మాధ్యమం, సైజు, సంవత్సరం ఉండాలి. సైజులో ఎత్తు ముందు రాసి వెడల్పు తరవాత రాస్తారు. తారుమారైతే నిలువు బొమ్మని అడ్డం అనుకుని గోడ లెక్క వేసుకుంటారు.

ధరల కాగితం ఎక్కువగా బల్ల దగ్గరే ఉంటుంది, గోడ మీద ఉండదు. అడగడానికి మొహమాటపడొద్దు. మన దగ్గర చాలామంది చదరపు అంగుళం లెక్కన ధర కడతారు. ఉదాహరణకి 24 అంగుళాలకి 36 అంటే 864 చదరపు అంగుళాలు. అంగుళానికి 60 రూపాయలైతే 51,840. ఇందులో గ్యాలరీ కమిషన్ మూడో వంతు నుంచి సగం దాకా పోతుంది. సగమైతే చేతికొచ్చేది 25,920. ఫ్రేము, కేటలాగు, రవాణా, టీ ఖర్చు ఎవరివన్నది ముందే కాగితం మీద పెట్టుకోకపోతే అందులోంచీ కోత పడుతుంది. చదరపు అంగుళం లెక్కలో తిరకాసు చిన్న బొమ్మలతో వస్తుంది. 6 అంగుళాలకి 8 బొమ్మ 2,880కి తేలుతుంది, ఫ్రేము ఖర్చు మినహాయిస్తే మిగిలేది కొంచెమే. అందుకే తెలివైనవాళ్లు చిన్నవాటికి అంగుళం ధర పెంచుతారు, పెద్దవాటికి తగ్గిస్తారు.

లేబుల్ పక్కన ఎర్ర చుక్క ఉంటే అమ్ముడైనట్టు. సగం చుక్కో, వేరే రంగు చుక్కో ఉంటే ఎవరో పక్కన పెట్టమన్నట్టు. ఏ సైజుకి, ఏ ధరకి చుక్కలు పడ్డాయో పుస్తకంలో రాసుకోండి. మూడు నాలుగు షోలకి ఊళ్లో కొనే చెయ్యి ఎక్కడ ఆగుతోందో తెలిసిపోతుంది.

మూడో రోజు, శనివారం: మళ్లీ అదే గ్యాలరీ, తరవాత ప్రింట్లు

పొద్దున 11 గంటలకి నిన్నటి గ్యాలరీకే వెళ్లండి. లోపల మీరూ, బల్ల దగ్గర ఒకరూ తప్ప ఎవరూ ఉండరు. ముందు లైట్లు చూడండి. స్పాట్ లైటు బొమ్మ మీద నిలువు నుంచి 30 డిగ్రీల కోణంలో పడాలి. గోడకి మరీ దగ్గరగా ఉంటే ఫ్రేము నీడ బొమ్మ పై భాగం మీద పట్టీలా పడుతుంది, మందంగా పూసిన రంగు దిబ్బలూ గుంటలుగా కనబడుతుంది. మరీ దూరమైతే అద్దం మెరుస్తుంది, చూసేవాడి తల నీడ బొమ్మ మీదికొస్తుంది. లెక్క ఇదీ: లైటు ఎత్తు 11 అడుగులు, బొమ్మ నడిమి భాగం 5 అడుగులు అనుకుంటే తేడా 6. దాన్ని 0.58తో గుణిస్తే సుమారు మూడున్నర. లైటు గోడకి మూడున్నర అడుగుల దూరంలో ఉండాలి.

రంగు సంగతి ఇంకా ముఖ్యం. 3000 కెల్విన్ (లైటు రంగు కొలత) స్పాట్ లైటూ, 6500 ట్యూబ్ లైటూ కలిసి వెలుగుతుంటే ఒకే కాగితం ఓ వైపు పసుపుగా, ఇంకో వైపు నీలంగా ఉంటుంది. నీటిరంగుల షోని ఇలా చంపేసిన హాళ్లు తక్కువేం కాదు. ట్యూబ్ లైట్లు ఆర్పమని అడిగితే చాలు, పైసా ఖర్చుండదు. లైటు మీద సీఆర్‌ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందన్న కొలత) 90కి పైన రాసి ఉందేమో చూడండి. తక్కువదైతే ముందు ఎరుపులు చచ్చిపోతాయి. చిత్రకారుడు తోట వైకుంఠం బొమ్మలో బొట్టు ఎరుపు చెడ్డ ఎల్‌ఈడీ కింద ఇటుక రంగుకి దిగితే ఇంక చూడ్డానికేముంది? మ్యూజియాల్లో నీటిరంగులకి 50 లక్స్ (వెలుగు కొలత), తైలవర్ణాలకి 200 దాటనివ్వరు. అమ్మకపు గ్యాలరీలో వెలుగు అంతకన్నా ఎక్కువే ఉంటుంది. రెండు మూడు వారాల షో కాబట్టి సరిపెట్టుకుంటారు.

మధ్యాహ్నం మాసబ్‌ట్యాంక్. జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ 2008లో ఏర్పడింది, అక్కడి ఫైన్ ఆర్ట్స్ కాలేజీ అంతకన్నా చాలా పాతది. విద్యార్థుల ప్రదర్శన ఉన్న రోజుల్లో పడితే తప్పకుండా చూడాలి. ప్రింట్ల (ప్లేటు మీద గీసి, ప్రెస్సులో నొక్కి తీసే బొమ్మల) సంగతి కుర్రాళ్లు దాచకుండా చెబుతారు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని "సార్" అనీ, ఒక్క ఏడాది సీనియర్‌ని "అన్న" అనీ పిలుచుకుంటూ, ఏ ప్లేటు ఎక్కడ పాడైందో వాళ్లే చూపిస్తారు.

ఈ ఊళ్లో ఎచింగ్ (లోహపు ప్లేటు మీద ఆమ్లంతో గీతలు గాట్లు పడేలా చేసి తీసే ప్రింటు) అనగానే వచ్చే పేరు లక్ష్మా గౌడ్. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టి, హైదరాబాద్‌లో, బరోడాలో చదువుకుని, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. ఆయన ప్రింట్లు గ్యాలరీల్లో తరచుగా తగులుతాయి. పెద్ద పేర్లకి అచ్చు నకళ్లు కూడా తిరుగుతుంటాయి కాబట్టి ఎచింగ్‌ని ఎలా చూడాలో తెలిసుండాలి. మొదట పక్క నుంచి, వాలుగా. లోహపు ప్లేటు ప్రెస్సులో నొక్కుకున్న గుర్తు బొమ్మ చుట్టూ పల్లంగా ఉంటుంది. కాగితం అక్కడ ఒక మెట్టు దిగినట్టుంటుంది. తరవాత భూతద్దం. ఎచింగ్ గీతలో ఇంకు కాగితం మీద కొద్దిగా ఉబ్బెత్తుగా నిలుస్తుంది, ఎందుకంటే గాట్లోకి దిగిన ఇంకుని తడి కాగితం పీల్చి బయటికి లాగుతుంది. ఎచింగ్‌లో నీడల కోసం వాడే ఆక్వాటింట్ పద్ధతి బూడిదరంగులో రోజిన్ అనే చెట్టు జిగురు పొడి వల్ల ఏర్పడిన గింజలు క్రమం లేకుండా ఉంటాయి. అదే ఆఫ్‌సెట్ అచ్చైతే చుక్కలు వరసలు తీరి పువ్వుల్లా కనబడతాయి. ఇంక్‌జెట్‌లో చల్లినట్టు సన్నటి చుక్కలుంటాయి, గీతకి ఎత్తుండదు. ప్లేటు గుర్తుని ఉత్త పలకతో నొక్కి కూడా సృష్టించొచ్చు, అందుకని అదొక్కటే చూసి నమ్మకూడదు.

కింద అంచున పెన్సిలుతో ఎడమ వైపు 3/25 అని ఉంటే 25 కాపీల్లో మూడోది. ఏపీ అని ఉంటే ఆర్టిస్టు తన కోసం ఉంచుకున్న ప్రూఫు. మధ్యలో పేరు, కుడి వైపు సంతకం. మౌంటు కిటికీ అంచు కోత చూడండి. మామూలు అట్టలో ఆమ్లం ఉంటుంది కాబట్టి తెల్లగా ఉండాల్సిన ఆ వాలు కోత కొన్నేళ్లకే పసుపు తిరుగుతుంది. ఆ పసుపు తరవాత కాగితానికీ పాకుతుంది. సెలో టేపుతో అంటించినదాని సంగతి చెప్పక్కర్లేదు, టేపు రాలిపోయినా మరక పోదు. జపనీస్ కాగితం ముక్కలూ, గోధుమ గంజీ వాడి పైన రెండు చోట్ల మాత్రమే అతికిస్తే, కాగితం తేమకి సాగినా ముడుచుకున్నా చోటుంటుంది.

సాయంత్రం రోడ్ నంబర్ 1 దగ్గర లామకాన్‌కి. 2010 నుంచి నడుస్తున్న సాంస్కృతిక వేదిక. చెట్టు కింద టీ, సమోసా. నిన్న ఓపెనింగ్‌లో పొడిపొడిగా మాట్లాడినవాళ్లు ఇక్కడ గంటసేపు మాట్లాడతారు.

నాలుగో రోజు, ఆదివారం: సాలార్‌జంగ్

ఎంజీబీఎస్ మెట్రోలో దిగి మూసీ పక్కగా వెళ్లాలి. ఆదివారం జనం విపరీతంగా ఉంటారు, అయినా ఒక కిటుకు ఉంది. గంట గంటకీ గడియారంలోంచి చిన్న బొమ్మ మనిషి బయటికొచ్చి గంట కొడతాడు. పన్నెండింటికి పన్నెండు దెబ్బలు కాబట్టి అప్పుడు రద్దీ మరీ ఎక్కువ. పన్నెండుకి పది నిమిషాల ముందు నుంచీ మిగతా గదులు ఖాళీ. ఆ సమయంలో మేలిముసుగు రెబెకా దగ్గర నిలబడండి. 1876లో ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన పాలరాయి. ముసుగు పల్చదనం ఎదురు నుంచి చూస్తే తెలియదు. రెండడుగులు పక్కకి జరిగి, వెలుగు ముడతల మీద వాలుగా పడే చోట ఆగాలి.

ఆర్టిస్టుకి ఇక్కడ అసలు పాఠం జంట శిల్పం. ఒకే సికమోర్ దుంగలో ముందు వైపు జర్మన్ కథ ఫౌస్ట్‌లోని దయ్యం మెఫిస్టోఫిలిస్, వెనక వైపు అదే కథలోని అమ్మాయి మార్గరెటా. వెనక అద్దం పెట్టారు. ఆ అద్దం లేకపోతే వచ్చినవాళ్లలో సగం మంది వెనకున్న అమ్మాయిని చూడకుండానే వెళ్లిపోతారు. ప్రదర్శన కట్టడమంటే ఏంటో అద్దం ముక్క ఒక్కటి చెప్పేస్తుంది. మిగతా గదులు ఓపికని బట్టి.

రాత్రికి గౌతమి ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కితే తెల్లారేసరికి రాజమండ్రి.

ఐదో రోజు, సోమవారం: రాజమండ్రి

ఇక్కడ చిత్రకారుడు దామెర్ల రామారావు పేరు మీద ఉన్న ఆర్ట్ గ్యాలరీలో ఓపెనింగులూ, ఎర్ర చుక్కలూ ఉండవు. ఎప్పుడు తెరుస్తారో, సెలవెప్పుడో ముందురోజే ఊళ్లోవాళ్లని కనుక్కోండి. రామారావు 1897 మార్చి 8న పుట్టారు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన చెయ్యి చూసి, బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్‌కి వెళ్లే దారి చూపించారు. తిరిగొచ్చి రాజమండ్రిలోనే చిత్రకళా పాఠశాల పెట్టారు. 1925 ఫిబ్రవరి 6న మశూచితో పోయారు, 28 కూడా నిండలేదు.

నాలుగు రోజులు లైట్లూ, మేకులూ, ధరలూ చూసి వచ్చిన కంటికి ఇక్కడ మిగిలేది చెయ్యి ఒక్కటే. నీటిరంగు బొమ్మకి జానెడు దూరంలో నిలబడండి, ఊపిరి అద్దానికి తగలకుండా. ఎక్కడ మొదటి పూత పూర్తిగా ఆరాక రెండోది వేశారో అక్కడ అంచు గట్టిగా నిలుస్తుంది, ఎక్కడ తడి మీద తడి వేశారో అక్కడ రంగు పొగలా పాకుతుంది. ముందు అంచులు వెతకండి, తరవాత పొగ. ఒక మూల నుంచి ఇంకో మూలకి ఇలా చదువుకుంటూ వెళ్తే ఏ పూత ముందో, ఏది వెనకో వరస దొరుకుతుంది. దాన్ని పెన్సిలుతో 1, 2, 3 అని పుస్తకంలో రాసుకుని, హోటల్‌కి వెళ్లాక అదే వరసలో పోస్ట్‌కార్డంత కాగితం మీద వేసి చూడండి. 300 జీఎస్‌ఎమ్ కాగితమైతేనే. పల్చటిది రెండో పూతకే గిన్నెలా వంగి, రంగంతా నడిమికి చేరుతుంది.

తిరుగు ప్రయాణానికి పగటి రైలైతే కుడి వైపు కిటికీ తీసుకోండి. కొవ్వూరు వైపు వంతెన దాటుతుంటే ఎగువ గోదావరి ఆ పక్కనే ఉంటుంది.